వద్దు అనలేని వాళ్ళ తరపున

(మన సంఘం వార్షికోత్సవంలో యువజన సభ నాడు చేసిన ప్రసంగం. ఈ-సావనీర్ కోసం మళ్ళీ కూర్చుని రాశాను. ఆ రోజు టైము చాలక వదిలేసిన రెండు మూడు సంగతులు ఇక్కడ చేర్చాను.)

 

నాకు ఇచ్చిన అంశం "విజ్ఞానం, గిరిజన యువత". వార్డెన్ మైకు పట్టుకుంటే ఏం చెప్తుందో మీకు తెలుసు. బాగా చదవండి, ఫోన్లు పక్కన పెట్టండి, గ్రూప్స్ రాయండి. అదంతా రోజూ స్టడీ అవర్లో చెప్పేదే. ఈ రోజు ఇంకో సంగతి చెప్తాను. తెలుసుకోవటం మంచిదని నేను నమ్ముతాను. బి.ఇడి. చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చినదాన్ని, నమ్మకపోతే ఎలా? కాని చేనుకు గట్టు ఉన్నట్టు తెలుసుకోవటానికీ ఒక గట్టు ఉంది. అది ఎక్కడుందో నాకు పుస్తకంలో దొరకలేదు. ఒక తప్పు చేసి తెలుసుకున్నా. ఆ తప్పుతోనే మొదలుపెడతా.

2012 ఫిబ్రవరి. అప్పుడు నేను వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో పనిచేస్తున్నా. ఫిబ్రవరి అంటే మన పల్నాడులో మిర్చి కోతలు. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి పోతారు, చీకటి పడితేగాని రారు. ఒక రోజు మధ్యాహ్నం ఒక సంస్థ నుంచి నలుగురు వచ్చారు. గిరిజన బాలికల ఆరోగ్యం మీద పరిశోధన అన్నారు. పై నుంచి తెచ్చిన ఉత్తరం చూపించారు. ఎత్తు, బరువు చూస్తాం, వేలి నుంచి రక్తం తీస్తాం, కొన్ని ప్రశ్నలు అడుగుతాం, ఫొటోలు తీసుకుంటాం అన్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, "వాళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతారు మేడం, మీరే గదా గార్డియన్, మీరు పెట్టేయండి" అన్నారు.

పెట్టేశాను. అరవై రెండు కాగితాలు. ఒక పక్క వంటామె గ్యాస్ అయిపోయిందని పిలుస్తోంది, ఇంకో పక్క బిల్లులు తెమలలేదు. ఒక్క కాగితం కూడా చదవలేదు. నిజం చెప్పాలంటే, "మీరే గార్డియన్" అన్న మాట నాకు బాగానే అనిపించింది.

పిల్లల్ని వరసలో నిలబెట్టాం. ఏడో తరగతి పిల్ల ఒకతి చెయ్యి వెనక్కి దాచుకుంది. "ఏం కాదులే, చీమ కుట్టినట్టు ఉంటది, చెయ్యి పెట్టు" అన్నా. పెట్టింది. ఒప్పుకొని పెట్టలేదు. వార్డెన్ చెప్పింది గనక పెట్టింది. ఆ రెంటికీ తేడా ఉందని ఆ రోజు నాకు తట్టలేదు.

వేసవి సెలవులు అయిపోయి జూన్‌లో హాస్టల్ తెరిస్తే ఆ పిల్ల రాలేదు. తండాకు వెళ్ళా. వాళ్ళ చుట్టం ఒకతను పట్నంలో పనిచేసే చోట ఒక పుస్తకం చూశాడట. అట్ట మీద ఈ పిల్ల ఫొటో. లోపల మన ఊళ్ళ పేర్లు, మన తెగ పేరు. తాగుబోతు తండ్రులు, చిన్నతనంలో పెళ్ళిళ్ళు, రక్తహీనత అంటూ రాత. ఆ పిల్ల వాళ్ళ నాన్న మందు ముట్టడు.

వాళ్ళమ్మ నన్ను తిట్టలేదు. మంచం వాల్చి, నీళ్ళిచ్చి, అప్పుడు అడిగింది. "మేడం, చదువు చెప్తారని మీ కాడ వదిలా. నా బిడ్డ బొమ్మ ఎవర్ని అడిగి ఇచ్చారు?" కాసేపాగి ఇంకో మాట అంది. "సరే, రక్తం తీశారు గదా. నా బిడ్డకు రక్తం ఉందా, లేదా?"

నాకు తెలియదు. ఆ ఫలితాలు మా హాస్టల్‌కు ఎప్పుడూ రాలేదు. ఆ పిల్ల ఒంట్లో రక్తం ఎంత ఉందో ఆ పుస్తకం రాసినవాళ్ళకు తెలుసు. కన్నతల్లికి తెలియదు, పక్కనే ఉండి అన్నం పెట్టే నాకూ తెలియదు.

నెల తర్వాత ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. పదో తరగతి దాకా మా దగ్గరే చదివింది. కాని జెండా పండగకు ఫొటో తీసినా, వీడ్కోలు సభకు ఫొటో తీసినా, వెనక వరసలోకి పోయి ముందు పిల్ల భుజం చాటున తల దించుకునేది. ఆ మూడేళ్ళ గ్రూపు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆ పిల్ల ముఖం లేదు.

మరుసటి ఏడు, 2013 ఆగస్టు ఆఖర్లో, పార్లమెంటు స్థాయీ సంఘం ఒక నివేదిక ఇచ్చింది. అది ఖమ్మం జిల్లా సంగతి. అప్పటికి మనదంతా ఒకటే రాష్ట్రం. 2009 జూలైలో ఆ జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయటం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పరిశోధన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. దాదాపు 14 వేల మంది పిల్లలకు వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే నడిచింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా ఆరోగ్య సంఘాలు గొడవ చేయటంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. రెండు రాష్ట్రాల్లో కలిపి చనిపోయిన ఏడుగురు పిల్లల విషయం విచారించారు. పాము కాటు, నీళ్ళలో మునిగిపోవటం, పురుగుమందు తాగటం, జ్వరాలు ఇలా కారణాలు వేరువేరుగా ఉన్నాయి. టీకా వల్ల చనిపోయారని తేలలేదు. ఆ టీకా ఈ రోజు ప్రపంచంలో చాలా దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. అది ప్రాణాలు కాపాడే టీకా. నేను చెప్పేది విని రేపు ఎవరూ ఇంటికి పోయి "టీకాలు వద్దంట" అని చెప్పకండి.

మరి తప్పెక్కడ? అనుమతి పత్రాల్లో. స్థాయీ సంఘం నివేదిక ప్రకారం మన రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఇది ఆ పిల్లల మానవ హక్కుల ఉల్లంఘన అని సంఘం చాలా గట్టి మాటల్లో రాసింది. పాత్ సంస్థ తమ మీద వచ్చిన ఆరోపణలను ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, పత్రాల మీది సంతకాలు మాత్రం ఎక్కడికీ పోవు.

ఆ 2,763లో నా సంతకం లేదు. నేను ఖమ్మంలో ఎప్పుడూ పనిచేయలేదు. కాని పేపర్లో ఆ అంకె చదివినప్పుడు నా బల్ల, ఆ కాగితాల కట్ట కళ్ళ ముందుకొచ్చాయి. ఆ వార్డెన్లు చెడ్డవాళ్ళని నేను అనుకోను. పైనుంచి వచ్చిన పని, పిల్లలకు మంచిదే అన్నారు, పెట్టేసి ఉంటారు. నేనూ అలాగే పెట్టా.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. వార్డెన్ సంతకం ఎందుకు చెల్లదు? అన్నం పెట్టేది నేను. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేది నేను. అయినా ఎందుకు చెల్లదు?

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచిన జవాబు ఇది. పిల్ల నాకు "వద్దు" అని చెప్పలేదు. పక్క, కంచం, హాజరు, ఇంటికి పోవటానికి అనుమతి, అన్నీ నా చేతిలో ఉన్నాయి. తల్లి కూడా చెప్పలేదు. కాదంటే సీటు పోతుందేమో, మేడంకు కోపం వస్తుందేమో అని భయం. నాకు ఎదురు చెప్పలేని పిల్ల తరపున నేను "సరే" అంటే, అది ఆ పిల్ల మాట ఎలా అవుతుంది? నా ఒక్కదాని మాటే అవుతుంది. మనకు వద్దు అనలేని వాళ్ళ తరపున మనం సరే అనకూడదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దీనికి ఉదాహరణలే.

ఈ మాట నా ఒక్కదానిదే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాలను విచారించాక, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. అందులో మొట్టమొదటి నియమం మనిషి తనంతట తాను ఇష్టపడి ఒప్పుకోవాలని. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. పిల్లల మీద పరిశోధన చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్ని నోటితో అడగాలి, 12 దాటితే పిల్లల సమ్మతి కూడా రాతలో తీసుకోవాలి. గిరిజన ప్రాంతాల్లో అధికారుల అనుమతి, ఊరి పెద్ద అనుమతి తీసుకున్నా సరే, ఒక్కొక్క మనిషినీ విడిగా అడగాల్సిందే. నాయక్ తలూపితే తండా అంతా ఒప్పుకున్నట్టు కాదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ సంగతి రాసుకోండి. పరీక్షలో వచ్చినా రాకపోయినా, రేపు మీ గుమ్మం ముందుకు మాత్రం వస్తుంది.

ఇప్పటిదాకా డాక్టర్ల సంగతి. చరిత్ర రాసేవాళ్ళ సంగతి కూడా చూద్దాం. సూది గుచ్చినా కలంతో రాసినా, మనుషుల్ని అడగకుండా వాళ్ళ గురించి తెలుసుకోవటం ఒకటే.

మన తాతముత్తాతల గురించి తెల్లదొరల కాలంలో బోలెడు రాశారు. 1892లో మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ రాజధానిలోని "నేర వర్గాల" మీద ఒక పుస్తకం వేశాడు. ఎవరు ఎలా ఉంటారు, ఏం కట్టుకుంటారు, ఎటు తిరుగుతారు, ఏ భాష మాట్లాడతారు అని. మన లంబాడీలూ ఎరుకలవాళ్ళూ అందులో ఉన్నారు. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసుకూ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. పుట్టిన బిడ్డ పాకకముందే పోలీసు లెక్కలో దొంగ. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ మచ్చ పోయిందా? ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి కాలనీకి జీపు వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ఈ రోజుకీ ఆ పుస్తకాలు తిరగేయకుండా మన మీద ఎవరూ పరిశోధన చేయరు. అందులో విలువైన సమాచారం ఉంది, కాదనను. మనుషుల ముక్కు పొడవు, వెడల్పు, తల చుట్టుకొలత కొలిచేవాడాయన. వయనాడులో పణియ తెగ ఆడవాళ్ళు తమలో మంచివాళ్ళను ఏరి, చంపిన జంతువుల తోలులో గడ్డి కూరినట్టు కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడేమోనని భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు అది తమాషా కబురు. నేను మాత్రం ఆ ఆడవాళ్ళు నిలబడిన చోట నిలబడి చదివా. వాళ్ళకు అది అమాయకత్వం అంటారా? ఆ కొలతలు ఎందుకో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఎందుకో చెప్పకుండా కొలబద్ద తెస్తే మనిషి ఇంకేం అనుకోవాలి?

ఇంకా దగ్గరకు వద్దాం. నాగార్జునకొండ. మన పిల్లలు ఎక్స్‌కర్షన్‌కు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి పోయి చూసొచ్చే చోటే. 1926లో ఆ లోయలో శిథిలాలు బయటపడ్డాయి. తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వాడు. సాగర్ డ్యాము కడితే లోయంతా మునిగిపోతుందని తేలి, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1960 దాకా తవ్వకాలు జరిగాయి. కట్టడాలను రాయి రాయికీ విప్పి కొండ మీదికి, అనుపుకు మోసుకొచ్చి మళ్ళీ కట్టారు. ఆ పనే జరగకపోతే ఇక్ష్వాకుల విజయపురి చదవకుండానే నీళ్ళ పాలయ్యేది. ఆ తవ్వినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

అక్కడే ఇంకో సంగతి ఉంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి దానం చేసిన మహాచైత్యంలో, లాంగ్‌హర్‌స్ట్‌కు చిన్న బంగారు భరిణెలో ఒక ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుని ధాతువు అని శాసనాన్ని బట్టి నిర్ణయించారు. దాన్ని మ్యూజియం అరలో ఉంచలేదు. మహాబోధి సొసైటీకి అప్పగిస్తే, సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో పూజలో పెట్టారు. ఇది కొలవాల్సిన వస్తువు కాదు, దీన్ని కొలిచి మొక్కేవాళ్ళు ఉన్నారు అని ప్రభుత్వం గుర్తించిందన్నమాట. చాలా మంచి పని.

అదే లోయలో రాతియుగం నాటివీ, ఆ తర్వాత రాక్షసగుళ్ళ కాలం నాటివీ సమాధులు కూడా తవ్వారు. అందులో మనుషుల ఎముకలు దొరికాయి. వాటిని శాస్త్రవేత్తలు కొలిచి, అధ్యయనం చేసి, పుస్తకాలు రాశారు. వాళ్ళ తరపున ఎవరూ రాలేదు. రావటానికి వాళ్ళ వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. తప్పు చేశారని నేను అనటం లేదు. వేల ఏళ్ళ కిందటి వాళ్ళు ఎలా బతికారో ఆ ఎముకలే చెప్తాయి. నేను అడిగేది ఒకటే. ఆ గుంటలో ఆ మనిషిని పడుకోబెట్టి, పక్కన కుండ పెట్టి, మట్టి కప్పి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. చచ్చిపోయినవాళ్ళు కూడా వద్దు అనలేనివాళ్ళే. వాళ్ళను తవ్వేటప్పుడు చేతిలో ఆ పాటి మర్యాద ఉండాలి. మీలో ఎవరైనా రేపు పురావస్తు శాఖలో ఉద్యోగానికి పోతే ఈ మాట గుర్తుంచుకోండి.

సభలో ఒక తమ్ముడు లేచి అడిగాడు. "మేడం, అందర్నీ అడుగుతూ కూర్చుంటే సైన్సు ఎప్పుడు ముందుకు పోద్ది?" మంచి ప్రశ్న. జవాబు ఇక్కడ రాస్తున్నా.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవాసుపాయి అనే చిన్న తెగ ఉంది. వాళ్ళలో చక్కెర జబ్బు ఎక్కువ. 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆ జబ్బు మీద పరిశోధన అని రక్తం తీసుకున్నారు. వాళ్ళూ ఇష్టంగానే ఇచ్చారు. తర్వాత అదే రక్తంతో పిచ్చి జబ్బు గురించి, దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ గురించి, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చింది అనే దాని గురించి పరిశోధనలు చేశారు. ఆ లోయే తమ పుట్టిల్లని వాళ్ళ పెద్దలు చెప్పుకునే కథకు అది విరుద్ధం. 2003లో ఆ తెగ అమ్మాయే ఒకామె యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థి ఉపన్యాసానికి వెళ్ళి, తమవాళ్ళ రక్తం గురించి వింటున్నానని గ్రహించింది. లేచి, దీనికి అనుమతి ఉందా అని అడిగింది. కోర్టుకు పోయారు. 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చింది. ఖమ్మంలో టీకా పని ఆగిపోయిందీ ఆ నెలలోనే.

తమ్ముడూ, చూశావా? రెండు చోట్లా పని ఆగింది అడిగినందుకు కాదు, అడగనందుకు. టీకా మంచిదే, చక్కెర జబ్బు పరిశోధన కూడా అవసరమే. నమ్మకం పోయాక మంచి పని కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

అలాగని తలుపులు బిడాయించుకుంటే నష్టం మనకే. సికిల్ సెల్ రక్తహీనత సంగతి మీలో కొందరికి తెలుసు. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది. 2023 జూలైలో దేశమంతా దాని నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. ఆ లక్షణం మోసేవాళ్ళు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ముందే తెలియటం మేలు. పరీక్ష చేయించుకోండి, భయపడకండి.

కాని ఆ ఫలితం ఎవరి చేతికి వెళ్తుంది? అది నోటీసు బోర్డుకు అంటించేది కాదు. ఒక ఆడపిల్లకు ఆ లక్షణం ఉందని తండాలో పొక్కిందంటే పెళ్ళి సంబంధం తప్పిపోతుంది. అందుకని ఫలితం ఆ పిల్లకూ, అమ్మానాన్నలకూ చెప్పాలి, అర్థమయ్యేలా విడమరచి చెప్పాలి. నాకు కూడా అవసరమైనంత వరకే.

ఇప్పుడు మీ సంగతికి వస్తా. ఇంతసేపూ తప్పంతా దొరలదీ, డాక్టర్లదీ, వార్డెన్‌దీ అన్నట్టు విన్నారు. మీ అందరి చేతుల్లో ఫోనుంది. మన సంస్కృతిని కాపాడాలని వీడియోలు తీస్తున్నారు, ఛానెళ్ళు పెట్టారు. సంతోషం. మొన్న ఒక వీడియో చూశా. మన పిల్లాడే, తన అవ్వ చేత సావు పాట పాడించి తీశాడు. చనిపోయిన కొడుకును తలచుకొని ఆమె నిజంగానే ఏడ్చేసింది. వేల మంది చూశారు. కింద కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ అవ్వకు అది ఊరంతా చూస్తుందని తెలుసా? మనవడు అడిగితే అవ్వ కాదంటుందా? ఇంకొకరు చెంచు తాత దగ్గర తేలు కాటు మందు అడిగి, ఆకు దగ్గర నుంచి చూపించి పెట్టేశారు. ఎప్పుడు తెంపాలి, ఎంత వాడాలి అనేది మాత్రం లేదు. అడవిలో ఆ మొక్క ఎవరికి మిగులుతుంది?

నా దగ్గర చెయ్యి దాచుకున్న పిల్లకు నేను ఎలాగో, మీ అవ్వకు మీరు అలాగే. ప్రేమ కొద్దీ వద్దు అనలేని మనిషి ముందు మీరు నిలబడి ఉన్నారు.

అందుకని మా హాస్టల్లో నేను పెట్టుకున్న పద్ధతి చెప్తా. ఒక నోటు పుస్తకం పెట్టా. పిల్లల గురించి ఏం కావాలని ఎవరు వచ్చినా అందులో ఐదు ప్రశ్నలకు జవాబు రాయాలి. మీరెవరు? ఇది ఎందుకు? ఏమేం తీసుకుంటారు? అది ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు? మాకు తిరిగి ఏం ఇస్తారు, ఎప్పుడు? జవాబులు రాశాక ఆదివారం దాకా ఆగమంటా. ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వస్తారు. మన భాషలో వాళ్ళకు నేనే చదివి వినిపిస్తా. వద్దన్న పిల్లను ఎందుకని అడగం. ఆ పూట ఆ పిల్లకూ అందరితో పాటే గుడ్డు పెడతాం.

ఒక బృందం ఆదివారం దాకా ఆగలేమని వెళ్ళిపోయింది. వెళ్ళిపోనిచ్చా. పైనుంచి నాకు ఫోన్లు వచ్చాయి, రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇంకోసారి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. మూడు ఆదివారాలు తిరిగింది. నలుగురు తల్లులు వద్దన్నారు, మిగతావాళ్ళు సరేనన్నారు. ఆరు నెలలకు ఆమె మళ్ళీ వచ్చి, ప్రతి పిల్ల ఫలితం విడివిడి కవర్లో పెట్టి ఇచ్చింది. రక్తం తక్కువ ఉన్న పిల్లలకు మందులు మొదలుపెట్టించాం. వద్దన్న నలుగురిలో ఇద్దరు తల్లులు అప్పుడొచ్చి, "మా పిల్లకూ చేస్తారా" అని అడిగారు.

మీలో కొందరు డాక్టర్లవుతారు, కొందరు చరిత్ర చదువుతారు, కొందరు కెమెరా పట్టుకుంటారు. ఇన్నాళ్ళూ మనల్ని కొలిచారు, రాశారు, ఫొటో తీశారు. ఇక మీదట కొలిచేదీ రాసేదీ మీరే కావాలి. అది నా ఆశ. ఆ రోజు వచ్చినప్పుడు మంచం వాల్చి నీళ్ళిచ్చి ఆ తల్లి నన్ను అడిగిన రెండు ప్రశ్నలు మీ జేబులో పెట్టుకోండి. ఎవర్ని అడిగి తీసుకున్నావు? తీసుకున్నదాంట్లో నా బిడ్డకు ఏం చెప్పావు?

ఆ తల్లికి నేను ఇప్పటికీ జవాబు బాకీ ఉన్నా. మీరు ఆ బాకీ పడకండి.

 జై సేవాలాల్! జై ఆదివాసీ! జై భీమ్!